చేపల మామ్మకు చెప్పని జవాబు

చేపల మామ్మ పోయిందని కాలవ లాకుల దగ్గర చెప్పారు. చంకలో పరీక్ష పేపర్ల కట్టతో కాలేజీకి నడిచి వెళుతున్నాను. ఆమె రోజూ గంప పెట్టుకునే చోట ఇంకెవరో కూర్చుని ఉన్నారు. “మామ్మ రాలేదా?” అంటే, “పోయి నాలుగు రోజులైందండీ” అన్నారు. కాసేపు కాలవ గట్టు మీదే కూర్చుండిపోయాను. ఈమధ్య ఏ కబురు విన్నా ముందు కాళ్లు లాగుతున్నాయి, ఏడుపు తరవాత వస్తోంది. ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. దానికి జవాబు నెల రోజులుగా నా దగ్గర ఉంది. వెళ్లి చెప్పలేదు.

చదివేవాళ్లకు ఆమె ఎవరో తెలియదు కనక చెబుతాను. నేను బెజవాడలో జంతుశాస్త్రం చెప్పే మేష్టర్ని. నేతపని వాళ్లింట్లో మగ్గం గుంట పక్కన పెరిగినవాణ్ణి. చేపను పట్టుకోవడం కూడా రాదు. పిల్లలు కోసి చూడడానికి కావలసిన చేపలు కొనే పని నా మీద పడితే, ముక్కు మూసుకుని ఆమె గంప ముందు నిలబడ్డాను. “ముక్కు వదలండి మేష్టారూ, వాసనే సగం చెబుతది” అంది. అలా మొదలైంది మా పరిచయం. ఏ చేపనైనా ఇచ్చేముందు తడి బొటనవేలితో దాని కన్ను తుడిచి ఇచ్చేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఒక వరదకాలంలో ఆమె గంపలో ఒక వింత చేప కనిపించింది. తల బొచ్చెచేపలా పెద్దది, ఒళ్లు శీలావతిలా పొడుగు. నోరు బొచ్చెకున్నట్టు పైకీ లేదు, శీలావతికున్నట్టు కిందికీ లేదు. కొనేవాళ్లు “ఇది బొచ్చెనా, శీలావతా?” అని అడిగి, కల్తీ సరుకని వదిలేసి పోతున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త జాతి దొరికిందనుకున్నాను. రెక్కల్లో పుల్లలు లెక్కపెట్టి, బెజవాడ పేరు కలిపి దానికో పేరు పెట్టి, వ్యాసం కూడా రాసేశాను. మామ్మకు చెబితే కత్తి కింద పెట్టి మరీ నవ్వింది.

“కొత్తదేంటండీ! వరదొస్తే రెండు రకాలూ ఒకే పల్లంలోకి ఎగబడతాయి. చేపలేమన్నా తలుపేసుకుని కాపరం చేస్తాయా? ఆడది గుడ్లు నీళ్లలో వదిలేస్తది, మగది పాలు నీళ్లలో వదిలేస్తది. ఏది దేనికి తగిలిందో ఏటికేం తెలుసు?”

ఇంటికొచ్చి వ్యాసం చింపేశాను. పుస్తకాల్లో సంకరం గురించి పేజీలకు పేజీలు చదివినవాణ్ణి. నాకు తట్టని సంగతి ఆమె కత్తి నూరుకుంటూ చెప్పింది.

నిజమో కాదో చూద్దామని మరుసటి వరదకు ఏటి ఒడ్డునే పళ్లెం పెట్టుకుని కూర్చున్నాం. బొచ్చె కడుపును ఆమె చంటిపిల్ల పొట్ట నిమిరినట్టు నిమిరింది. గుడ్లు జారి పళ్లెంలో పడ్డాయి. వాటి మీద శీలావతి పాలు పిండి, కోడి ఈకతో కలిపి, అప్పుడు నీళ్లు పోశాం. నానిన సగ్గుబియ్యంలా ఉబ్బాయి. చాలా భాగం తెల్లబడి చచ్చాయి. బతికినవాటిని కాలేజీ తోటలో నీళ్ల గుంటలో వేశాను. కొంగలకూ ఎండలకూ పోగా చివరికి మూడు మిగిలాయి. మూడింటిదీ అదే తల, అదే ఒళ్లు. “పడుగు తల్లిది, పేక తండ్రిది మామ్మా, అందుకే గుడ్డ వేరేగా ఉంది” అని నేను మురిసిపోతే, “గుడ్డ పిల్లల్ని కంటదా? ఇది కంటదేమో చూడండి” అంది.

అదే ఆమె ప్రశ్న. దాని కడుపు పండుతుందా? శాస్త్రం మీద సరదా అనుకున్నాను. ఒకరోజు గంప ఖాళీ అయ్యాక అసలు సంగతి చెప్పింది. ఆమె కూతురు మగ్గం నేసే ఇంటి కుర్రవాణ్ణి చేసుకుంది. వాళ్లకొక్క పిల్ల. ఆ మనవరాలిని పామర్రులో ఇచ్చారు. అయిదేళ్లయినా పిల్లలు లేకపోయేసరికి అత్తవారు, “రెండు కులాల పుట్టుక, కంచరగాడిదకు కడుపు పండుతుందా?” అని పంపేశారు.

నాకు ఒళ్లు మండింది. “మనుషులంతా ఒకటే జాతి మామ్మా. నీ మనవరాలికీ ఈ చేపకీ పోలికేమిటి?” అన్నాను.

“నాకు తెలవదా? ఎంతమందికి పురుడు పోశాయి ఈ చేతులు! మనిషి చెబితే వాళ్లు వినరు మేష్టారూ. చేపనయితే ఎదురుగా పెట్టి చూపించొచ్చు.”

మూడేళ్లు ఎదురుచూసింది. కనిపించినప్పుడల్లా అడిగేది, తరవాత అడగడం మానేసి నా ముఖం చూసేది. పోయిన నెల మూడింటిలో ఒకటి చచ్చి తేలింది. కోస్తే కడుపు నిండా గుడ్లు. ఆ సాయంత్రమే భవానీపురంలో ఆమె గుడిసెకు వెళ్లవలసింది. ఒక్క చేపను చూసి ఎలా చెప్పడం, ఇంకో రెండున్నాయిగా, ఇంకో వానకాలం చూద్దాం అనుకున్నాను. పరీక్షల పని వేరే చోట పడి ఆ నెలంతా లాకుల దారిన పోలేదు. పేపర్లు దిద్దాలి, బియ్యం కోసం రేషను కొట్టు ముందు నిలబడాలి, ఇంటికొస్తే ఒళ్లు తెలియదు. బద్ధకం అనడానికి మనసొప్పక శాస్త్రం అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు, మిగిలిన రెండింటిలో కడుపు ఉబ్బిన చేపను గంగాళంలో వేసుకుని రిక్షాలో వాళ్ల గుడిసెకు వెళ్లాను. మనవరాలు బయటికొచ్చింది. జరిగినదంతా చెప్పాను. తిట్టినా బాగుండేది.

“మీ దగ్గరికొద్దామనే అనుకుందండీ. ‘తొందరపెడితే మేష్టారికి విసుగొస్తదే’ అని ఆగిపోయింది” అంది.

“పద అమ్మా, పామర్రు నేనూ వస్తాను. వాళ్లకు చూపిద్దాం” అన్నాను.

ఆమె గంగాళం పక్కన కూర్చుని, చేప కన్ను మీద తడి బొటనవేలు రాసింది. “చూపించాలన్నది మామ్మ కోరికండీ. వాళ్లు ఒప్పుకుంటే తప్ప బతకలేనా నేను? దీన్ని గుంటలో ఉంచితే గుడ్లు పెట్టదు. పారే నీళ్లు తగలాలి.”

ఇద్దరం గంగాళం మోసుకుని ఏటి దగ్గరికి వెళ్లాం. నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఆమె మోకాలి లోతుకి దిగి చేపను రెండు చేతుల మీద పట్టుకుంది. అది కాసేపు అక్కడే నిలబడి ఎదురు నీటికి నోరు తెరిచింది. తరవాత తోక ఆడించి వెళ్లిపోయింది. నేను ఖాళీ గంగాళంతో గట్టెక్కి వెనక్కి చూస్తే, ఆమె చేతులు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి.