రాతిపొడికి బెల్లం

నిన్న మా పెరట్లో రోలుకు గంట్లు పెట్టిస్తుంటే ఆ వాసనకు నిలవలేక లోపలికి వెళ్లిపోయాను. కాలిన రాయి వాసన. మా అయ్య ఒంటి వాసన.

బరంపురం ఇంకా మద్రాసు కింద ఉన్న రోజులవి. దిగపహండి దారిలో ఒక కొండ దగ్గర అయ్య తిరగళ్లు చెక్కేవాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడిపోయేవి. పని ఆపగానే బెల్లం ముక్క చప్పరించేవాడు. గొంతులో చేరిన రాతిపొడిని బెల్లం కడుపులోకి దించేస్తుందని అక్కడి రాతిపనివాళ్లందరి నమ్మకం. రోజూ దాన్ని కొండకు తీసుకెళ్లేది నేనే.

"అది మీ అయ్యకి మందు. ముట్టుకున్నావంటే సేతులు ఇరిసేత్తాను," అనేది అమ్మ.

ఒకరోజు దారిలో తినేసి, పడిపోయిందని అబద్ధమాడాను. మర్నాడు అయ్య దగ్గి దగ్గి గోడ పట్టుకుని కూలబడ్డాడు. నా వల్లేననుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు కొండ దగ్గర ఏడుస్తూ నిజం చెప్పేశాను.

అయ్య కొట్టలేదు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, ఆనాటి బెల్లం కూడా నా చేతిలో పెట్టాడు.

"ఏడవకే. రేపట్నించీ నువ్వే తినీ. మీ అమ్మకి మాత్రం సెప్పకు."

నా తప్పు కాశాడనుకుని సంబరపడ్డాను. ఊపిరితిత్తుల్లో పేరుకున్న పొడిని ఏ బెల్లమూ దించలేదని ఆయనకు అప్పటికే తెలిసిపోయిందని నాకెలా తెలుస్తుంది?

అయ్య పోయేదాకా ఆ వేసవంతా అమ్మ రోజూ బెల్లం మూట కట్టి ఇస్తూనే ఉంది. నేను తింటూనే ఉన్నాను.