కల్ సేఠ్ పూచీ

మా కాలంలో నికోబార్‌లో పనిచేసేవాడికి రెండు ప్రాణాలుండేవి. ఒకటి దేవుడిచ్చినది, రెండోది సర్కారు ఇచ్చిన పాసు. మొదటిది పోతే నలుగురొచ్చి మోస్తారు. రెండోది పోతే మన పెట్టె మనమే మోసుకుని ఓడెక్కాలి. ఆ దీవుల్లో బయటివాళ్ళు ఉండాలంటే పాసు కావాలి. పాసు కావాలంటే పని ఇచ్చిన యజమాని 'వీడు నా మనిషి, వీడికి నేను పూచీ' అని సంతకం పెట్టాలి. వినడానికి ఇంతే. ఈ ఇంత విషయానికి నేను ఇరవై ఏళ్ళ వయసులోనే సన్యాసం పుచ్చుకుందామా అనుకునేదాకా వెళ్ళాను.

మాది సిక్కోలు తీరం. అక్కా బావా పోర్ట్ బ్లెయిర్ వచ్చి డిగ్నాబాద్‌లో కాపురం పెట్టినప్పుడు నన్నూ వెంట తెచ్చుకున్నారు. బావ చేపల వేటకి వెళ్ళేవాడు. నేను కూడా వెళ్ళాలి గానీ, పడవ ఒడ్డు దాటిందో లేదో నా కడుపులో ఉన్నదంతా చేపలకి నైవేద్యమైపోయేది. "గంగమ్మ తల్లి ఎవుడికేటి రాసిపెట్టిందో" అని బావ జాలిపడేవాడు. (తిట్టినా బాగుండేది. వేటగాళ్ళ ఇంట పుట్టినవాడి మీద జాలిపడటమంత అవమానం ఇంకోటి లేదు.) అలాంటి రోజుల్లో ఒక కాంట్రాక్టరు నన్ను కార్ నికోబార్‌లో ఇళ్ళు కట్టే పనికి స్టోరు గుమాస్తాగా తీసుకున్నాడు. సిమెంటు బస్తాలు, మేకులు, రేకులు చూసుకోవడం. పనంతా నేల మీదే! పైగా అక్కడి కూలీలు నన్ను 'బాబూ' అనేవారు. అంతవరకూ నన్ను 'ఒరే' తప్ప ఇంకో మాటతో పిలిచినవాడు లేడు. అక్కడే ముసలివాణ్ణయిపోవాలని నిశ్చయించుకున్నాను.

మా కాంట్రాక్టరు పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో ఉండేవాడు. ఆయన్ని మేం కల్ సేఠ్ అనుకునేవాళ్ళం. ఏదడిగినా "కల్ హో జాయేగా" అనేవాడు. హిందీలో 'కల్' అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. అందువల్ల ఆ పని రేపు జరుగుతుందో నిన్ననే జరిగిపోయిందో తెలియక మేం తన్నుకునేవాళ్ళం. నా పాసు గడువు దగ్గరపడుతోందని, పూచీ కాగితం పంపమని వైర్‌లెస్‌లో కబురు పెట్టించాను. 'కల్' అని జవాబొచ్చింది. మళ్ళీ పెట్టించాను. మళ్ళీ 'కల్'. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ వచ్చినప్పుడల్లా ఒడ్డున నిలబడేవాణ్ణి. సిమెంటు దిగేది, బియ్యం దిగేది, ఒకసారి ఎవరిదో మేక కూడా దిగింది. నా కాగితం దిగలేదు. ఆఖరికి పాసుల ఆఫీసు నుంచి మనిషి వచ్చి, వచ్చే ఓడకి వెళ్ళిపోవాల్సిందేననీ, గడువు దాటి ఉంటే ఇక జన్మలో పాసు ఇవ్వరనీ చెప్పి పోయాడు.

తిండి నన్ను మానేసింది. నిద్ర దానికంటే ముందే మానేసింది. కళ్ళు మూస్తే బావ పడవ, తెరిస్తే సిమెంటు బస్తాలు. మా క్యాంపులో వంటచేసే మావ ఒకడుండేవాడు, మా వైపువాడే. వడ్డించిన అన్నం అలాగే ఉండిపోవడం చూసి, ఒక మధ్యాహ్నం గరిటె కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"ఒరే బాబూ, జబ్బోడిని ఓడెక్కిత్తారేట్రా?"

"నాకు జబ్బేం లేదు కదా మావా."

"అద్దంలో మొకం సూసుకున్నావేటి? ఆసుపత్రికి పద. డాక్టరు సాబ్ 'ఈడు కదలకూడదు' అని ఒక్క ముక్క రాసేడంటే ఈ ఓడ తప్పిపోద్ది. ఈలోగా సేఠ్ కాయితం వొచ్చెత్తాది."

నాకు అంతకుమించి దారి కనపడలేదు. డాక్టరు గారు తమిళుడు, మంచివాడు. ఏమైందని నన్నడిగితే మావే అందుకున్నాడు. "సాబ్, ఖానా నహీ, నీంద్ నహీ. గోడతో బాత్ కర్తా హై!" (గోడతో నేనెన్నడూ మాట్లాడలేదు. వద్దన్నా వినకుండా మావ తన చేతి మసాలా కలిపేశాడు.) డాక్టరు గారు నా నాడి పట్టుకున్నారు. ఆయన ఏం రాస్తారోనన్న భయానికి అది గుర్రంలా పరిగెడుతోంది. కళ్ళు లాగి చూశారు, పొట్ట నొక్కారు, మొహం గంభీరంగా పెట్టారు. ఇంత ముదిరిన కేసుకి ఇక్కడ వైద్యం లేదు, వెంటనే పోర్ట్ బ్లెయిర్ పంపాలన్నారు.

మావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "సాబ్, జహాజ్ మే నహీ జా సక్తా..." అని నసిగాడు.

"జహాజ్ మే నహీ, తో క్యా ఉడ్ కే జాయేగా?" ఓడలో కాకపోతే ఎగిరిపోతాడా అని డాక్టరు గారు కసిరారు.

అలా, ఏ ఓడ తప్పించుకుందామని ఆసుపత్రికి వెళ్ళానో అదే ఓడకి నన్ను స్ట్రెచర్ మీద కట్టి పంపించారు. మామూలుగా వెళ్ళుంటే కనీసం నా కాళ్ళ మీద నేను నడిచి వెళ్ళేవాణ్ణి. ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా ఆగుతుంది. పడవలో అక్కడిదాకా తీసుకుపోయి, కొబ్బరి బస్తాలు ఎత్తే క్రేనుతోనే నన్నూ ఎత్తారు. ఆకాశానికీ సముద్రానికీ మధ్య వేలాడుతూ కిందికి చూస్తే, ఒడ్డున మావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఈనాటికీ నాకు తెలీదు. ఓడ కదిలాక ఇక నటించాల్సిన అవసరం లేకపోయింది. నా కడుపు సంగతి చెప్పాను కదా. పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి నాలో మిగిలిందల్లా ఎముకలూ, పాసు బెంగా.

జెట్టీ మీద అక్క. నన్ను చూస్తూనే గుండెలు బాదుకుంది. "కర్రలా నిలబడి ఎల్లినోడివి, ఇలాగొచ్చీసినావేట్రా తమ్ముడా!"

"అక్కా, నాకేం కాలేదు," అన్నాను మెల్లిగా.

"సచ్చిపోయేటోల్లు అందరూ ఇలాగే అంతార్రా!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

సాయంత్రానికి కల్ సేఠ్ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాడు. తన పనిలో ఉన్న కుర్రవాడు పోయాడంటే సర్కారు వారికి జవాబు చెప్పుకోవాలి. నా చెయ్యి పట్టుకుని, "భయ్యా, తుఝే కుఛ్ నహీ హోగా! దస్తఖత్ ఆజ్ హీ కర్తా హూఁ!" అంటూ మందుసీసాల బల్ల మీద కాగితం పెట్టి, అప్పటికప్పుడు సంతకం చేశాడు. ఆయన నోట 'ఆజ్', అంటే ఇవాళ, అన్న మాట వినడం అదే మొదటిసారి. సంతోషంతో లేచి కూర్చోబోయాను. అక్క భుజాలు పట్టి పడుకోబెట్టేసింది.

కథ ఇక్కడ సుఖాంతమైతే అది నా జాతకం ఎలా అవుతుంది? ఆ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి, అక్కడి నుంచి సెలవులో ఉన్నవాడి బల్ల మీదకి తిరిగి, చివరికి పాసు నా చేతికొచ్చింది. కానీ కొత్త గడువుని పాత పాసు ముగిసిన రోజు నుంచి లెక్కగట్టారు. తర్వాతి ఓడ బయల్దేరే నాటికి అదీ అయిపోతుంది. ఓడ లేని పాసు పట్టుకుని చష్మా బాబు దగ్గరికి పరిగెత్తాను. పాసుల గుమాస్తాని అందరూ అలాగే పిలిచేవాళ్ళు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "ఫిర్ సే అప్లై కరో. సేఠ్ కా కాగజ్ లాఓ," అన్నాడు. మళ్ళీ అర్జీ, మళ్ళీ సేఠ్ కాగితం! సేఠ్ దగ్గరికి వెళ్ళాను. నన్ను రెండు కాళ్ళ మీద చూడగానే ఆయనకి పోయిన ధైర్యమంతా తిరిగొచ్చింది. "కల్," అన్నాడు.

పాసుల ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఇరవై ఏళ్ళ మగవాణ్ణి, పట్టపగలు, అందరూ చూస్తుండగా. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. బావ పడవ కంటే ఆ మెట్లే నయం. అక్కడికి పడవల కాగితాల కోసం మనవాళ్ళు వచ్చేవారు. "బాబూ, దీని మీదేటి రాసినాడో సూసి సెప్పవా?" అని అడిగేవారు. చదివిపెట్టేవాణ్ణి, అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. నా అర్జీ ఒక్కటి తప్ప అందరివీ పాసయ్యేవి. అది చూసి ఒకరోజు షాదీపూర్ బడి హెడ్మాస్టరు గారు నా ముందు ఆగి, "మన పిల్లలకి హిందీ వస్తోంది గానీ తెలుగు రాయడం రావట్లేదోయ్. వచ్చి చెబుతావా?" అన్నారు.

"దానికి పూచీ ఎవరైనా కావాలాండీ?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఎందుకూ? నువ్వొస్తే చాలు," అన్నారు. ఆ మాటకి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

తర్వాత పరీక్షలు రాసి సర్కారు టీచర్నయ్యాను. పెళ్ళయింది, పోర్ట్ బ్లెయిర్‌లోనే బ్రూక్షాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాం, ఇద్దరు పిల్లలు. అప్పుడొచ్చింది బదిలీ ఆర్డరు, కార్ నికోబార్‌కి. సర్కారు ఉద్యోగిని కాబట్టి సేఠ్‌తో పనిలేదు, రావయ్యా అని పిలుపు. నేనేం చేశానంటారా? చొక్కా వేసుకుని, బదిలీ రద్దు చేయమని అర్జీ పట్టుకుని పెద్దాఫీసుకి పరిగెత్తాను. పిల్లల చదువులన్నాను, ఇంట్లో ఇబ్బందులన్నాను, చేతులు జోడించాను. రద్దయింది కూడా.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ టీ గ్లాసు చేతికిస్తూ అడిగింది, "అక్కడ ఉండనివ్వలేదనే కదా మెట్ల మీద కూర్చుని ఏడ్చానన్నారు?"

నిజమే. గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆ వేళ, మెట్ల మీద ఏడ్చిన ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడే గనక మా ఇంటి ముందునుంచి పోతూ ఉంటే, లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని సగం టీ పోసిచ్చేవాణ్ణి.