మేడమ్ కోసం ప్రార్థన

2004లో ఒక శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి, బహ్రెయిన్ రాజధాని మనామాలోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రార్థన మనవులు అడిగితే, తొమ్మిదేళ్ల నేను లేచి నిలబడ్డాను.

"మా అమ్మ పనిచేసే ఇంట్లో మేడమ్ గారి అబ్బాయి చనిపోయాడండి. రోజూ ఏడుస్తున్నారు."

అందరూ ప్రార్థించారు. సాయంత్రం ముగ్గురు ఆంటీలు పళ్లు పట్టుకుని, జింజ్ పేటలోని మేడమ్ ఇంటికి పరామర్శకు వెళ్లారు.

మేడమ్‌కు పిల్లలే లేరు. ఒకప్పుడు లండన్‌లో నాటకాల్లో, సినిమాల్లో నటించిన మనిషి. వేషాలు రావడం ఆగిపోయాక భర్త ఉద్యోగం వెంట బహ్రెయిన్ వచ్చి, పాత వేషాల మాటలు గదిలో ఒక్కతే చెప్పుకునేది. బడి అయ్యాక అమ్మ కోసం వెళ్లి, తలుపు దగ్గర కూర్చుని నేను విన్నవి అవే; కొడుకు పోయిన తల్లి ఏడుపూ అందులోదే.

"పరువు తీశావు కదే! అదంతా యాక్టింగే, పిచ్చిమొహమా!" అంది అమ్మ.

మేడమ్ కోప్పడలేదు. మర్నాడు నేను వెళ్లినప్పుడు గులాబీ క్రీము వాసనతో వచ్చి నా పక్కన కూర్చుంది. "నిజంగా నమ్మావా?" అని ఆశగా అడిగింది.

నేను సిగ్గుతో, "దొంగ ఏడుపు ఏడవడం పాపం" అన్నాను.

నిన్న ఒక దుకాణంలో అదే క్రీము వాసన వచ్చింది. నమ్మానని చెప్పి ఉండాల్సింది. నమ్మబట్టే కదా ఆ రోజు లేచి నిలబడ్డాను. నేను పాపం అన్నాక ఆవిడ ఆ వేషాల మాటలు చెప్పుకోవడం మానేసింది.