సిడ్నీలో వన్ బై టూ కాఫీ

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. ముప్పై ఏళ్ళు బాపట్ల దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పిన మనిషిని. సైన్స్ ల్యాబులో అస్థిపంజరం కదులుతోందని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఏడుస్తూ వస్తే, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళి దాని పక్కటెముకల మధ్య కాపురం పెట్టిన ఎలుకను చూపించాను. ఆ తర్వాత మా బళ్ళో నా ముందు దయ్యం అన్న మాట ఎవరూ అనలేదు.

అందుకని, 'పెద్దావిడ, ఏదో భ్రమ పడి ఉంటుంది' అనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను. నా బుర్ర బాగానే పనిచేస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూసుకోండి.

ముందు రత్నం గురించి చెప్పాలి. మా బళ్ళో సోషల్ టీచర్. ఇద్దరం ఒకే ఏడాది చేరాం, ఒకే ఏడాది రిటైరయ్యాం. రోజూ సాయంత్రం బడి వదలగానే గేటు ఎదురుగా ఉన్న హోటల్లో ఒక కాఫీ చెప్పి రెండు కప్పుల్లో పోయించుకునేవాళ్ళం. వన్ బై టూ. చెరో కాఫీ తాగాలన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. రత్నం కూతురు సౌమ్య చిన్నప్పుడు మా వెంట వచ్చిన రోజున టూ బై త్రీ, అంటే రెండు కాఫీలు మూడు కప్పుల్లో. రత్నానికి కాఫీ పొగలు కక్కుతూ ఉండాలి. టీ అయితే ముట్టదు. నేను మాటల్లో పడి కాఫీ చల్లార్చుకుంటే తిట్టిపోసేది.

సౌమ్య నర్సయి సిడ్నీ వెళ్ళాక రత్నానికి ఆ ఊరి పిచ్చి పట్టుకుంది. ఫోన్లో వీడియోలు చూసి చూసి, డ్రాయింగ్ షీటు మీద సిడ్నీ మ్యాపు చేత్తో గీసింది. మ్యాప్ పాయింటింగ్‌లో పిల్లలకు అర మార్కు కూడా ఊరికే వేసే మనిషి కాదు మరి. సముద్రం నీలం పెన్సిల్, రైలు దారులు నలుపు. మేమిద్దరం కూర్చుని కాఫీ తాగాల్సిన చోట్లకు ఎర్ర చుక్కలు పెట్టి, పక్కన ఆ కొట్టు పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. మొత్తం ఐదు చుక్కలు.

మేం వెళ్ళలేదు. నా మూలంగానే వెళ్ళలేదు.

విమానం ఎందుకు ఎగురుతుందో బోర్డు మీద బొమ్మ గీసి ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. అలాంటి నాకు విమానం ఎక్కాలంటే చచ్చేంత భయం. చెప్పుకోవడానికి సిగ్గు. ఒకసారి మోకాలు నొప్పన్నాను, ఒకసారి చెల్లెలి కూతురి పెళ్ళన్నాను, మూడోసారి ఎండలు తగ్గాక చూద్దామన్నాను. రత్నానికి నా సంగతి తెలుసు. అయినా నువ్వు లేకుండా వెళ్ళనే అని కూర్చుంది. ఆ మూడో వాయిదా నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే గుండెపోటుతో రత్నం పోయింది.

ఏడాది గడిచాక సౌమ్య ఫోన్ చేసింది. అమ్మ గీసిన మ్యాపు నా దగ్గరే ఉంది, మీరైనా వచ్చి చూడండి ఆంటీ అంది. సిగ్గు భయాన్ని మించిపోయింది. టికెట్ కొనిపించుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని విమానం ఎక్కాను. అన్నం పెట్టినప్పుడు తప్ప తెరవలేదు.

సౌమ్య వెస్ట్‌మీడ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉంటుంది. చుట్టూ ఆసుపత్రులే, లిఫ్ట్‌లో ఎవరి మెడలో చూసినా ఐడీ కార్డే. మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర ఆ మ్యాపు తెచ్చి నా ముందు పరిచింది. తర్వాత కంచంలోకి చూస్తూ ఒక మాట అంది.

"అమ్మకి యాక్చువల్లీ ఇక్కడికి రావాలని లేదు ఆంటీ. నేను బుక్ చేస్తానన్న ప్రతిసారీ, నాకే వీలు కావట్లేదమ్మా అని పోస్ట్‌పోన్ చేసింది. నా దగ్గరికి రావడం అంత కష్టమా అనిపించేది."

రత్నం నా పేరు బయటపెట్టలేదన్నమాట. నా పరువు కాపాడటానికి తప్పంతా తన మీదే వేసుకుంది. కూతురేమో అమ్మకు తనంటే లెక్కలేదని ఏడాదిగా కుమిలిపోతోంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పిరికిదాన్ని, ఇంకాస్త పచ్చడి వేసుకున్నాను. తిరిగి విమానం ఎక్కేలోపు చెప్పి తీరాలని మాత్రం అనుకున్నాను.

మర్నాడు సౌమ్య డ్యూటీకి వెళ్తే నేను ఒక్కదాన్నే మ్యాపు పట్టుకుని బయల్దేరాను. అబ్బ, ఏం ఊరండీ! సెంట్రల్ స్టేషన్లో రైలు మారి సర్క్యులర్ కీలో దిగితే, ప్లాట్‌ఫారం మీదే నిలబడి చూస్తుండగా ఎదురుగా నీళ్ళు, ఆ పక్కన ఇనప వంతెన, కింద పచ్చా పసుపూ రంగు పడవలు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. పక్కనున్నాయన నవ్వాడు, నవ్వనీ. ఒపేరా హౌస్ దగ్గరికి వెళ్ళి దాని పెంకుల్ని చేత్తో తడిమి చూశాను. ఫొటోల్లో తెల్లగా కనిపిస్తాయి కానీ సగం మీగడ రంగు. రత్నానికి ఈ సంగతి చెప్పాలని ఫోన్ తీశాను. తీశాక గుర్తొచ్చింది.

మొదటి ఎర్ర చుక్క ఆ వెనక సందులోని చిన్న కాఫీ కొట్టు. కౌంటర్ దగ్గర ఒక కప్పుచీనో చెప్పి, వాళ్ళిచ్చిన నంబరు పట్టుకుని బయట కూర్చున్నాను. కొట్లో పనిచేసే పిల్ల రెండు కప్పులు తెచ్చి పెట్టింది. రెండింటిలోనూ సగం సగం కాఫీ. ఇక్కడి పద్ధతేమో అనుకుని రెండూ తాగేశాను. పక్క బల్లల మీద మాత్రం అందరికీ నిండు కప్పులే.

రెండో చుక్క హ్యారిస్ పార్క్ అనే పేట. సిడ్నీ వెళ్ళినా రత్నానికి దోసె ఉండాల్సిందే. ఆ వీధిలో అడుగుపెడితే తాలింపు వాసన, చీరల కొట్లు, ఎటు చూసినా మనవాళ్ళే. దోసె పేపరులా కరకరలాడింది. ఫిల్టర్ కాఫీ ఒకటి చెబితే దాన్నే రెండు కప్పుల్లో పోసి తెచ్చారు. కౌంటర్లో ఉన్నావిడ మన తెలుగావిడే కదా అని, ఇలా ఎందుకు తెచ్చారని అడిగాను. వన్ బై టూ అన్నది మీరేగా ఆంటీ, అన్నారావిడ. నేను అనలేదని ప్రమాణం చేయగలను.

అక్కడ నాలోని టీచర్ లేచింది. ప్రయోగం అన్నాక పోల్చి చూడాలి. మర్నాడు చుక్క లేని చోట్లకే వెళ్ళాను. పారమట్టాలో ఒక కాఫీ, ఓడరేవు దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా నిండుగా ఒక్కటే కప్పు వచ్చింది.

మూడో చుక్క కాబ్రమట్టా. అదంతా వియత్నాం వాళ్ళ పేట. మన రైతుబజారులా గోల, పనసతొనలు, పేరు తెలియని ఆకుకూరలు, నోట్లో వేసుకుంటే కరిగిపోయే కొబ్బరి మిఠాయిలు. కాళ్ళు నొప్పెట్టేదాకా తిరిగాను. కాఫీ కొట్టు ఆవిడకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. ఒక వేలు చూపించి, ఒక్కటే గ్లాసు అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ తలూపింది. రెండు గ్లాసుల్లో సగం సగం ఐస్ కాఫీ, అడుగున చిక్కటి తియ్యటి పాలు. ఫొటో తీశాను. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

నాలుగోది న్యూటౌన్, గోడల నిండా బొమ్మలేసిన పొడవాటి వీధి. అక్కడ తెలివిగా కాఫీ మానేసి టీ చెప్పాను. ఒక్క కప్పే వచ్చింది. రత్నం టీ ముట్టదని రాశాను కదా. ఆ కప్పు చూస్తూ పకపకా నవ్వేశాను.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. పొద్దున్నే లేచి తయారై, పెళ్ళికి వెళ్తున్నట్టు మంచి చీర కట్టుకుని బయటపడేదాన్ని. కానీ ఆ సగం కప్పు చూసినప్పుడల్లా సౌమ్యకు చెప్పని మాట గుర్తొచ్చేది. కప్పుల సంగతి కూడా ఆ పిల్లతో అనలేదు. నర్సు కదా, నన్ను తీసుకెళ్ళి తలకు స్కాన్ చేయించినా చేయిస్తుంది.

ఐదో చుక్క మ్యాన్లీ. నా తిరుగు ప్రయాణానికి ముందు రోజు. ఈ ఆర్వో ఫ్రీ ఆంటీ, నేనూ వస్తా అంది సౌమ్య. మధ్యాహ్నాన్ని వీళ్ళు ఆర్వో అంటారు. ఇద్దరం సర్క్యులర్ కీలో పడవ ఎక్కాం. సముద్రం మొగ దగ్గర అలలకు పడవ ఊగుతుంటే నేను కేరింతలు కొట్టాను, సౌమ్య నా చెయ్యి పట్టుకుని నవ్వింది. నేను వచ్చాక అంత హాయిగా నవ్వడం అదే మొదటిసారి.

ఒడ్డున చుక్క పెట్టిన కొట్టు అలాగే ఉంది. సౌమ్య కౌంటర్ దగ్గరికి వెళ్ళింది, నేను పక్కనే నిలబడ్డాను. ఈసారి నేను నోరు తెరవలేదు, పెదవులు బిగించుకునే ఉన్నాను. సౌమ్య ఇంగ్లిష్‌లో రెండు ఫ్లాట్ వైట్‌లు, అంటే అక్కడి పాల కాఫీలు, చెప్పడం నా చెవులారా విన్నాను.

సముద్రం వైపు కూర్చున్నాం. ఇంక ఆగలేకపోయాను.

"సౌమ్యా, వాయిదా వేసింది మీ అమ్మ కాదు, నేను. విమానం అంటే నాకు భయం. మూడుసార్లూ నేనే ఆపాను. నన్ను వదిలి రాలేక ఆగిపోయింది. నీ దగ్గరికి రావడం ఇష్టం లేక కాదమ్మా. ఈ మ్యాపు గీయడానికి దానికి నెల పట్టింది."

సౌమ్య మొహం అటు తిప్పుకుంది. నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది. ఇంక ఈ జన్మకు ఈ పిల్ల నాతో మాట్లాడదనుకున్నాను.

అంతలో కాఫీలు వచ్చాయి. మూడు కప్పులు. ఏ ఒక్కటీ నిండుగా లేదు. మూడింటిలోనూ ఒకే మట్టానికి, గీత గీసినట్టు.

సౌమ్య మొదట పొరపాటు అనుకుని, తెచ్చినవాళ్ళను పిలవడానికి చెయ్యెత్తబోయింది. తర్వాత కప్పుల్లోకి చూసింది. చెయ్యి కిందికి దిగింది.

"టూ బై త్రీ," అంది. "ఆంటీ, మీరు చెప్పారా?"

తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు ఇండియా వచ్చి అందరి ముందూ కంట తడి పెట్టకుండా తిరిగిన పిల్ల, బీచ్ ఒడ్డున అంతమంది మధ్యలో నా భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా కాఫీలు చల్లారిపోయాయి. కళ్ళు తుడుచుకుని మూడో కప్పు ముట్టుకుంటే అది మాత్రం ఇంకా వేడిగా ఉంది.

వచ్చేటప్పుడు కౌంటర్లో అడిగాం. వాళ్ళు ఆర్డర్ కాగితం వెతికి ఇచ్చారు. రెండు ఫ్లాట్ వైట్‌లు అని అచ్చయి ఉంది. పక్కన పెన్నుతో మూడు కప్పులు అని రాసి ఉంది. ఎవరు రాశారో అక్కడ ఎవరికీ తెలియలేదు. ఆ కాగితం ఇప్పుడు సౌమ్య దగ్గర మ్యాపుకు అంటించి ఉంది.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. ముప్పై ఏళ్ళ అలవాటు, నాకు తెలియకుండానే నా నోరు వన్ బై టూ అందేమో. హ్యారిస్ పార్క్‌లో సరే. మరి తెలుగు తెలియని కాబ్రమట్టా ఆవిడకు ఎలా అర్థమైంది? మ్యాన్లీలో అసలు నేను నోరే విప్పలేదే? మిగతా కాఫీలు చల్లారినప్పుడు ఆ ఒక్క కప్పు ఎందుకు చల్లారలేదు? వేడి ఎలా పోతుందో నేను పాఠం చెప్పినదాన్ని. ఆ పాఠంలో దీనికి జవాబు లేదు. నాకు తెలియదు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

మర్నాడు సౌమ్య ఎయిర్‌పోర్ట్‌లో నన్ను గట్టిగా పట్టుకుని, వచ్చే ఏడాది కూడా రావాలి ఆంటీ అంది. వస్తానన్నాను. విమానం లేస్తున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉన్నాను. కింద నీళ్ళు, వంతెన, మీగడ రంగు పెంకులు అన్నీ కనబడ్డాయి. రత్నం గీసిన మ్యాపులాగే ఉన్నాయి.

కాసేపటికి కాఫీ ఇచ్చారు. ఒక్క కప్పే, నిండుగా. పక్క సీటు వైపు ఒకసారి చూసి, చల్లారకముందే తాగేశాను.