నీళ్ళు పోయకూడని డబ్బా

అతన్ని బళ్ళో అందరూ సీసాలాయన అంటారు. హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరు. ఇరవై రెండేళ్ళుగా గాజు గొట్టాలు కడుగుతున్నాడు, సీసాల మీద పేర్లు అతికిస్తున్నాడు. అతని చేతిలో ఒక్క సీసా పగల్లేదు. అతనుండగా ఒక్క ప్రయోగం తప్పలేదు. మొదటిది జాగ్రత్త, రెండోది రహస్యం. పటిక నీళ్ళలో దారం వేలాడదీసి పిల్లలు ఇళ్ళకెళ్ళిపోతారు. మర్నాటికి దారానికి స్ఫటికం కట్టకపోతే, ముందే స్ఫటికం కట్టించి తన డబ్బాలో దాచిన దారం తెచ్చి ఆ స్థానంలో కట్టేస్తాడు. పిల్లలు కేరింతలు కొడతారు, సైన్సు మేడమ్ మొహం వెలిగిపోతుంది. ఇందులో ఎవరి సొమ్ము పోయింది గనక!

ఈ ఏడు అతని కూతురే ఆ హైస్కూల్లో చేరబోతోంది. సెలవులకు ముందే కొత్త పిల్లల చేతికి ఒక కాగితమిచ్చారు. ఇంట్లో ఒక ప్రయోగం చేసి, రోజూ చూసింది రాసుకుని, బడి తెరిచిన రోజు ఆ నోటుపుస్తకం తేవాలి. బాగా రాసిన ఎనిమిది మందికే సైన్సు క్లబ్బులో చోటు. క్లబ్బు పిల్లలకే మైక్రోస్కోపు ముట్టుకునే హక్కు. నాన్న రోజూ తుడిచే ఆ యంత్రాన్ని ఆ పిల్ల పసితనం నుంచీ అద్దాల బీరువా బయట నిలబడే చూస్తోంది. ఒక్కసారి కన్ను ఆనించనివ్వమని ఎంత బతిమాలినా అతను తాళం తియ్యలేదు. రూలు రూలే.

సెలవుల మొదటి వారంలోనే పిల్ల రెండు రేకు డబ్బాల్లో మట్టి నింపి, మొలకెత్తిన చిక్కుడు గింజలు నాటింది. వాటిని అమ్మ కుట్టుమిషను పక్కన కిటికీలో పెట్టింది. నాలుగాకులు వచ్చాక ఒకదాని మీద 'నీళ్ళు', రెండోదాని మీద 'నీళ్ళు పోయకూడదు' అని చీటీలు అతికించింది. మొదటిదానికి రోజూ మందు సీసా మూతతో కొలిచి రెండు మూతల నీళ్ళు. రెండోదానికి చుక్క లేదు.

నాయనమ్మ కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివింది. "ఏం నేరం చేసిందే ఇది?"

"నేరం కాదు నాయనమ్మా, ప్రయోగం. ఎవరూ వేలు పెట్టకండి."

"మీ నాన్నని నేనిలాగే పెంచి ఉంటే, ఇవాళ ఈ చీటీ రాయడానికి నువ్వుండేదానివి కాదు."

నెల తిరిగేసరికి ఇంట్లో వింత పుట్టింది. నీళ్ళు తాగే మొక్క ఏడాకులతో తల వేలాడేసింది. నీళ్ళు లేని మొక్క పద్నాలుగాకులు తొడిగి కిటికీ ఊచ పట్టుకుని పాకుతోంది. పిల్ల రోజూ ఆకులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటూ, మొక్కలకు నీళ్ళు అక్కర్లేదేమోనన్న నిర్ణయానికి వస్తోంది.

సీసాలాయనకు తిండి సహించలేదు. నిజానికి అతను రోజూ పొద్దున్నే, ఎవరూ లేవకముందు, ఆ రెండో డబ్బాలో ఒక్కటంటే ఒక్క చెంచా నీళ్ళు పోస్తున్నాడు. కళ్ళెదుట వాడిపోతుంటే చేయి ఊరుకోలేదు. అయితే మాత్రం ఒక్క చెంచాకి పద్నాలుగాకులా? పిల్ల పాఠ్యపుస్తకం తీసి అటూ ఇటూ తిరగేశాడు. చెంచా సంగతి ఎక్కడా లేదు.

రేపు బడి తెరుస్తారు. ఈ పుస్తకం పట్టుకెళితే పిల్ల నవ్వులపాలవుతుంది, క్లబ్బు మాట దేవుడెరుగు. మధ్యాహ్నం పిల్ల అట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు, ఇరవై రెండేళ్ళుగా అలవాటైన చేయి తన పని తాను చేసుకుపోయింది. రెండు చీటీలూ ఊడదీసి, అటుది ఇటూ ఇటుది అటూ అతికించింది.

పిల్ల వచ్చీ రాగానే కిటికీ దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, పొద్దున ఏడాకులున్న మొక్కకి మధ్యాహ్నానికి పద్నాలుగెలా వచ్చాయి?"

"ఎండ బాగా తగిలిందేమో."

"జిగురింకా తడిగా ఉంది నాన్నా!"

అతను దొరికిపోయాడు. చీటీల సంగతీ, చెంచా సంగతీ చెప్పి, బళ్ళో పటిక దారాల సంగతి కూడా కక్కేశాడు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఏమండీ, మీరూ పోస్తున్నారా?" అంది భార్య. "ఇస్త్రీకి చిలకరించుకోగా మిగిలిన నీళ్ళు నేనూ అందులోనే పోస్తున్నాను. రోజూ కాసినేలెండి."

మంచం మీంచి దగ్గు వినబడింది. "మాత్ర మింగాక గ్లాసులో అడుగున మిగిలినవి... పారబొయ్యడమెందుకని," అంది నాయనమ్మ. "దానికి నేను తప్ప దిక్కెవరున్నారనుకున్నా."

"మరి మొదటిదానికి ఒక్కరైనా పోశారా?" అంది పిల్ల.

"దానికి నువ్వున్నావుగా!" అన్నారు ముగ్గురూ.

పిల్ల కళ్ళు తుడుచుకుని, చీటీలు మళ్ళీ సరిగ్గా అతికించి, పుస్తకం తెరిచింది.

మర్నాడు సైన్సు మేడమ్ ఆ పుస్తకాన్ని క్లాసులో పైకి చదివింది. "నీళ్ళు పోయకూడని మొక్కకు రోజుకు మూడుసార్లు నీళ్ళు పడ్డాయి. కారణం: నాన్న, అమ్మ, నాయనమ్మ. ఫలితం తప్పుగా కనబడుతుందని నాన్న చీటీలు మార్చారు. బళ్ళో కూడా మేడమ్ గారు బాధపడకూడదని ఇలాగే చేస్తారట. నేను తెలుసుకున్నది: ఇంట్లో మనుషులుంటే నీళ్ళు లేని మొక్కను పెంచడం కష్టం."

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. వెనక ట్రే పట్టుకుని నిలబడ్డ సీసాలాయన వైపు మెల్లగా తిరిగింది.

"పటిక స్ఫటికాలు కూడానా?"

"కొన్ని... పిల్లలవేనండీ."

"ఇన్నేళ్ళూ నా చేతి మహిమ అనుకున్నానయ్యా!"

అతను ట్రేలోని గొట్టాల్ని లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. మేడమ్ పిల్లతో అంది. "రాసింది బాగుంది. కానీ ప్రయోగం మళ్ళీ చెయ్యాలి. ల్యాబు పక్క గది కిటికీలో కొత్త మొక్కలు రెండు పెట్టు. నీ మొక్కకి నువ్వు నీళ్ళు పోసేటప్పుడు నేనే తలుపు తీస్తాను. రెండోది వాడిపోయిన రోజు నీకు క్లబ్బులో చోటు. ఆ గది తాళంచెవే కాదు, మైక్రోస్కోపు బీరువాది కూడా ఇక మీ నాన్న దగ్గరుండదు, నా సంచీలో ఉంటుంది."

పది రోజులైంది. పదకొండో రోజు క్లాసు పిల్లల్నీ సీసాలాయన్నీ కూడా వెంటబెట్టుకుని మేడమ్ తలుపు తీసింది. రెండు మొక్కలూ నిగనిగలాడుతున్నాయి. పిల్ల రెండో డబ్బా మట్టిలో వేలు గుచ్చి చూసింది. తడి.

అందరూ సీసాలాయన వైపు చూశారు. అతను ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.

మేడమ్ కళ్ళజోడు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచింది. "శనివారం మరీ వాడిపోయి కనబడితేనూ..." అంది ఎటో చూస్తూ.

పిల్ల పుస్తకం తెరిచి, కారణాల వరుసలో నాయనమ్మ కింద ఇంకో మాట చేర్చింది. మేడమ్ అది చదివి, సంచీలోంచి ఇంకో తాళంచెవి తీసి సీసాలాయన చేతిలో పెట్టింది.

"వెళ్ళి ఆ అద్దాల బీరువా తెరవండి."