ఇంకా రెండు కిలోమీటర్లు

మా నాన్న మా అత్తకు చెయ్యిచ్చాడు. నడిసముద్రంలో, నలుగురూ చూస్తుండగా. మోసం చేశాడనుకున్నా, చెయ్యి అందించాడనుకున్నా ఆ మాట తప్పు కాదు. తెలిసినవాళ్లంతా మొదటి అర్థమే తీసుకున్నారు. నేనూ చాలాకాలం అదే తీసుకున్నాను.

అత్త ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ ముప్పై ఏళ్లకే నడుం పట్టేసింది. ఈత కొడితే తగ్గుతుందన్నాడు డాక్టరు. నడుంనొప్పికి మందుగా మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి ఆ మందే జబ్బయింది. మబ్బు లేని రోజున సన్నటి గీతలా కనిపించే దీవి దాకా ఈదాలని పట్టుపట్టింది. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు.

తెల్లారి ఐదింటికే కాపలాదారుని లేపి ఈతకొలను తలుపు తీయించేది. డ్యూటీ అయ్యాక, లాండ్రీలో మూలపడ్డ పాత తొట్టిలో ఐసు పోసుకుని మెడదాకా కూర్చునేది, చలికి ఒళ్లు అలవాటు పడాలని. ఇస్త్రీ గదివాళ్లు వచ్చి చుట్టూ మూగేవాళ్లు.

"చేపమ్మని ఐసులో పెట్టారర్రా! అమ్మకానికేనా?"

"కొనేవాడుంటే ఇన్నాళ్లూ ఇక్కడెందుకుంటాను? చూసింది చాలు, పోండి" అనేది అత్త, పళ్లు టకటకలాడుతుంటే.

ఆదివారాలు సముద్రంలో ఆరేసి గంటలు. ఉప్పుకి చంకల్లో తోలు లేచిపోయేది. నేను చదివిన పుస్తకాల్లో సముద్రమంటే స్వేచ్ఛ. అవి రాసినవాళ్లు మోకాళ్ల లోతుకు మించి దిగి ఉండరు.

ఆ ఈతకు గట్టి నియమం ఒకటుంది. ఈ ఒడ్డు వదిలాక ఆ ఒడ్డు తగిలేదాకా ఈదేవాళ్లను ఎవరూ ముట్టుకోకూడదు. వాళ్లూ పడవని ముట్టుకోకూడదు. తాగడానికి ఇచ్చేది కూడా సీసాకి తాడు కట్టి నీళ్లలోకి విసరాలి. నాన్నకు ఈత రాదు. అయినా పడవలో తనే ఉంటానన్నాడు. అమ్మానాన్నలు పోయాక ఎనిమిదేళ్ల చెల్లెల్ని సాకినవాడాయన. "దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టను" అన్నాడు. నెలరోజుల పాటు మా పెరట్లో బకెట్టు పెట్టుకుని సీసా విసరడం నేర్చుకున్నాడు. నేనూ పడవెక్కాను.

పదకొండు గంటలు సాఫీగానే సాగింది. దీవి మీద ఇళ్ల గోడల రంగులు కూడా తెలుస్తున్నాయి. ఇంకా రెండు కిలోమీటర్లు. అప్పుడు నీటి వాలు ఎదురు తిరిగింది. గంటసేపు ఈదినా ఆ గోడలు అక్కడే ఉన్నాయి. అత్త రెండుసార్లు వాంతి చేసుకుంది.

"చిట్టీ, చాలమ్మా, వచ్చెయ్!"

"నోర్మూసుకో అన్నయ్యా! సీసా విసురు!"

విసిరాడు. దాన్ని అందుకోబోతుంటే అత్త తల మునిగింది. మళ్లీ తేలింది. అల కింద నుంచి దూరి వచ్చిందంతేనని ఈత వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. నాన్నకు తెలియలేదు. ఒక్క ఉదుటున వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు! అన్నయ్యా, వదులూ!"

ఆయన వదల్లేదు. వదిలినా ఒకటే అప్పటికి. నియమాలు చూడ్డానికి ఈత సంఘం మా పడవలో పంపిన పరిశీలకుడు గడియారం చూసి పుస్తకంలో ఏదో రాసుకుని, టోపీ తీశాడు. "అయిపోయిందమ్మా."

పడవెక్కాక అత్త ఏడవలేదు. ఆ రంగు గోడలు కనిపించినంతసేపూ వాటినే చూసింది. తిరిగి వచ్చిన దారంతా నాన్న ఆమె మణికట్టు పట్టుకునే కూర్చున్నాడు.

ఆ తర్వాత నాన్న ఈత సంఘం ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాడు. "తప్పు నాదండీ, దానిది కాదు. కొట్టెయ్యాలంటే నా పేరు కొట్టెయ్యండి" అని బతిమాలాడు. కొట్టెయ్యడానికి ఆ కాగితాల్లో ఆయన పేరే లేదు. అత్త మళ్లీ కొలనుకు వెళ్లడం మొదలుపెట్టింది, వచ్చే ఏడాది ఇంకోసారి చూద్దామని. చలికాలంలో దుప్పట్ల మూట దించుతుంటే కుడి భుజంలో కండ తెగింది. ఆపరేషనయ్యాక ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. నాన్న సముద్రం కనిపించే వీధి మానేసి, చుట్టుతిరిగి పనికి పోయేవాడు. నేను ఆయనతో మాటలు తగ్గించేశాను. అత్త తరఫున ఎవరో ఒకరు కోపంగా ఉండాలి కదా అనుకున్నాను.

ఆ ఏడే ఏదో జ్వరం పట్టుకుని, వారం తిరక్కుండా అత్త పోయింది. అంతకు పదిరోజుల ముందు లాండ్రీకి వెళ్లాను. పలకరింపు కూడా లేకుండా దుప్పటి రెండో కొస నా చేతిలో పెట్టింది. ఇద్దరం మడతలు పెడుతున్నాం.

"ఒక్కసారి ఆయన్ని కడుపారా తిట్టత్తా. తేలికవుతుంది."

"ఎవరికిరా, నాకా నీకా?" అని నవ్వింది.

కాసేపు దుప్పటి దులిపింది. తర్వాత అంది:

"కోపం లేదని అననులే. రోజూ పక్కమీద వాలాక ఆ రెండు కిలోమీటర్లూ ఈదుతాను. మొదట్లో మీ నాన్నని పడవలోంచి దింపేసి ఈదేదాన్ని. చక్కగా ఒడ్డు తగిలేది. ఇప్పుడు పాపం ఆయన్నీ కూర్చోబెట్టుకుంటున్నాను. సగంలోనే నిద్ర పట్టేస్తోందిరా."