మొద్దు అని కొట్టి స్పేస్ నొక్కితే

స్కూల్లో గుమాస్తా అయిన మా బాబాయ్ ప్రాణం ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే, సెట్టింగ్స్‌లో ఓ మూల, ఆటోకరెక్ట్ జాబితాలో. ఓ ముక్క కొట్టి స్పేస్ నొక్కితే ఇంకో ముక్క పడేలా అందులో ఆరువందల మాటలు పోగేశాడు. రోజూ పొద్దున్నే తల నుంచి తోక దాకా లెక్కపెడతాడు. ఒకరోజు ఒకటి తగ్గితే ప్యూన్ జేబులు వెతికించాడు.

ఇంట్లోనూ అదే వరస.

"మ.నీ." అన్నాడోసారి పిన్నితో.

"ఏంటది?"

"మంచినీళ్ళు. రెండక్షరాలకే పూర్తయిపోవాలి. నీ సెట్టింగ్ సరిగ్గా లేదు."

"నా సెట్టింగ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది" అంది పిన్ని.

అలాంటి జాబితాను కెలక్కపోతే నా చేతులకి దురద పుట్టదా? ఆ స్కూల్లో కంప్యూటర్లు బాగుచేసేది నేనే. ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజు మధ్యాహ్నం బాబాయ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. 'హాజరు' అని కొడితే 'బేజారు' అని పడేలా పెడదామని జాబితా తెరిచాను. అంతలో వెనక చెప్పుల చప్పుడు. హెడ్‌మిస్ట్రెస్. గబుక్కున మూసేశాను.

"లే. ఈ పిల్లాడి కార్డు నేనే కొడతా. మీ బాబాయ్ మెత్తమెత్తగా రాస్తాడు."

ఆవిడ కూర్చుని 'మొద్దు' అని కొట్టి స్పేస్ నొక్కింది. తెరమీద 'నిదానంగా నేర్చుకుంటాడు, నేర్చింది మరిచిపోడు' అని పడింది.

చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. 'మొండి' అని కొట్టింది. 'పట్టుదల ఉంది' అని పడింది.

"ఇది నీ పనేనా?"

నాది కాదు. గుమ్మంలో తడిచేతులతో నిలబడ్డ బాబాయ్ మొహం చూస్తే ఎవరిదో తెలిసిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఆ మొహంలోంచి జారిపోతోంది.

"నేనే మేడం. సరదాకి" అనేశాను.

"వాడు కాదు మేడం" అన్నాడు బాబాయ్. "నేనే. కార్డు చదివేది తొమ్మిదేళ్ళ పిల్లాడు కదా."

"నేను చెప్పిన మాట ఒక్కటైనా ఉన్నదున్నట్టు వెళ్ళిందా ఇన్నేళ్ళలో?"

"తారీకులు వెళ్ళాయండి."

నవ్వొస్తే చస్తానని బుగ్గ కొరుక్కున్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఇవాళే తీసెయ్యండి అన్నీ. ఆ తర్వాత మీ సంగతి చూస్తా."

"అన్నీ మీ మాటలే కాదు మేడం. టైపు రాని తల్లిదండ్రులు మీమీద మేనేజ్‌మెంటుకి ఫిర్యాదు రాయించుకునేదీ నా దగ్గరే. వాళ్ళ మాటలూ అందులోనే ఉన్నాయి."

ఆవిడ కాసేపు కీబోర్డు వంక చూసి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'గయ్యాళి' అని కొట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. స్పేస్ టక్కుమంది.

'పిల్లల కోసం తపించే మనిషి.'

ఆవిడ అది రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు సర్దుకుంది. దాన్ని చెరిపి, కార్డు మీద 'నిదానంగా నేర్చుకుంటాడు' అన్నది అలాగే ఉంచి లేచింది.

"నాలుగవుతోంది. ప్రింట్లు తియ్యండి. ఆ జాబితా జోలికి ఎవరూ వెళ్ళొద్దు."

చెప్పుల చప్పుడు దూరమయ్యాక అడిగాను. "ఆ చివరిది ఎన్నిసార్లు వాడావ్ బాబాయ్?"

"ఈ ఏడాదా?" అన్నాడు ప్రింటర్‌లో కాగితాలు పెడుతూ. "నలభై ఒకటి."